నేలకు బాకీ పడ్డ వానాకాలం

నల్లరేగడి మట్టిని ఎండబెట్టి, దంచి, సన్న జల్లెడ పట్టి, 10 గ్రాముల చొప్పున రెండు గాజు గొట్టాల్లో పోస్తారు. 100 మిల్లీలీటర్ల గీత దాకా ఒకదాంట్లో నీళ్ళు, రెండోదాంట్లో కిరసనాయిలు నింపుతారు. గాజు పుల్లతో కలిపి, గాలిబుడగలు పోయాక, కదపకుండా ఒక పగలూ రాత్రీ వదిలేస్తారు. మర్నాటికి కిరసనాయిల్లో మట్టి అడుగున బుద్ధిగా సర్దుకుని ఉంటుంది, 12వ గీత దగ్గరనుకుందాం. నీళ్ళ గొట్టంలో అదే మట్టి 24వ గీత దాకా పొంగి ఉంటే దాని ఉబ్బు నూటికి నూరు. రేగడి రేణువుల పొరల మధ్యకు నీరు దూరగలదు, కిరసనాయిలు దూరలేదు, కిటుకంతా అక్కడే. భారత ప్రమాణాల్లో 2720వ సంఖ్య, 40వ భాగంగా 1977లో అచ్చయిన పరీక్ష ఇది. ఉబ్బు 50 లోపుంటే భయం లేదు. 100 దాటితే జాగ్రత్త పడాలి. 200 దాటితే ఇంటికి ముగ్గు పోసే ముందు ఇంకోసారి ఆలోచించుకోవాలి. ఇల్లు కట్టే ఖర్చులో ఈ పరీక్షకయ్యేది లెక్కలోకి రాదు. చౌకడిపోల్లో కిరసనాయిలు మాయమైంది గనుక దాన్ని వెతికి తేవడమే పెద్ద పని కావచ్చు. అయినా పునాది తవ్వే ముందు ఈ పని చేయించేవాళ్ళు అరుదు. సిమెంటు ఏ కంపెనీదో, ఇనుము ఎన్ని టన్నులో వాకబు చేసే యజమాని, ఆ రెండూ ఎక్కి కూర్చోబోయే మట్టి సంగతి అడగడు.

వట్లూరు లాంటి చోట అడగకపోతే కుదరదు. ఏలూరును ఆనుకుని, మద్రాసు–హౌరా రైలుమార్గం మీద ఉన్న ఈ ఊరు రెండు నేలల మధ్య ఉంది. ఉత్తరంగా పెదవేగి, ద్వారకా తిరుమల వైపు పోతే ఎర్రమట్టి, గ్రావెల్, మామిడి తోటలు, అది మెట్ట. దక్షిణంగా పెదపాడు మీదుగా దిగితే వరిచేలు, చేపల చెరువులు, ఆపైన కొల్లేరు, అది పల్లం. గోదావరి నీరూ కృష్ణ నీరూ కలిసే ఏలూరు కాలువ తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా ఇంచుమించు ఈ రెంటి మధ్య గీత గీసినట్టు సాగుతుంది. ఈ గీతకు రెండు పక్కలా ఇళ్ళు ఎలా నిలబడ్డాయి, ఎందుకు బీటలిచ్చాయి అని వెనక్కి తిరిగి చూస్తే నాకు తేలిన సంగతి ఒకటే. ఇక్కడ పునాదిపని చరిత్ర రాళ్ళదీ ఇటుకలదీ కాంక్రీటుదీ కాదు, నీటిది. నేలలోకి చేరే నీటికీ, నేలలోంచి పోయే నీటికీ ముందే ఒక ఏర్పాటు చేయడాన్నే నేలను సిద్ధం చేయడం అనాలి. ఆ ఏర్పాటుకు కొంత కాలం పడుతుంది. సిమెంటు వచ్చాక మనకు బలం పెరిగిందనుకుంటాం. పెరిగిన మాట నిజమే. కాని దాంతోపాటు పాత కట్టుబడి పద్ధతిలో ఉన్న ఆ కాలం చేజారిపోయింది. నష్టమంతా అక్కడ జరిగిందని నా వాదన.

ముందు నేల సంగతి. కొల్లేరు ఒకప్పటి సముద్రపు అంచు. కృష్ణ ఒకవైపు నుంచి, గోదావరి ఇంకోవైపు నుంచి ఒండ్రు పోసుకుంటూ సముద్రాన్ని వెనక్కి నెడితే నడుమ మిగిలిన పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మోసుకొచ్చే బురదంతా అందులో దిగుతుంది; బయటికి పోయేదారి ఒక్క ఉప్పుటేరే. అయిదో కాంటూరు దాకా లెక్కేస్తే సరస్సు 308 చదరపు కిలోమీటర్లు, పదో కాంటూరు దాకా అయితే 900 దాటుతుంది. అయిదడుగుల ఎత్తు తేడాకు నీరు మూడింతల మేర పరుచుకుంటుందంటే ఆ చుట్టుపట్ల నేల ఎంత చదునో చెప్పనక్కర్లేదు. ఇలాంటి చోట మొదటి పునాదిపని జాగా ఎంపికే. దాని ఆనవాళ్ళు ఇప్పటికీ చూడొచ్చు. శాలంకాయనులూ, తర్వాత తూర్పు చాళుక్యులూ ఏలిన వేంగి అంటే నేటి పెదవేగి. అది మెట్ట అంచున ఉంది. పెదవేగిలోనూ దెందులూరులోనూ పాత ఇటుక కట్టడాలు దిబ్బల రూపంలో మిగిలాయి. గుంటుపల్లి బౌద్ధులైతే ఏకంగా కొండరాయినే తొలిచారు. బరువైనవీ శాశ్వతమైనవీ మెట్ట మీద కట్టారు, పల్లంలో తేలికైనవి కట్టారు. కొల్లేటిలో లంకగ్రామాలు పుట్టిందీ మెరకల మీదే. చుట్టూ నీరు చేరినా ఊరు మునగని ఎత్తు ఎంతో తరాలుగా చూసుకుని, తవ్విన మట్టి పోసుకుంటూ, దిబ్బను కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వచ్చారు. ఏటా కొంత మట్టి పోయడం, అది వానకు నాని దిగడం, మళ్ళీ పోయడం. లంకల్లో పునాది ఒక రోజు పని కాదు, కొన్ని తరాల పని.

ఇక్కడ శాస్త్రాల ప్రస్తావన తప్పదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహిత వాస్తువిద్యాధ్యాయంలో నేలకు రెండు పరీక్షలు చెప్పాడు. మూరెడు లోతు గొయ్యి తవ్వి అదే మట్టితో పూడ్చాలి. మట్టి మిగిలితే ఉత్తమం, సరిపోతే మధ్యమం, చాలకపోతే అధమం. రెండోది, గొయ్యి నిండా నీళ్ళు పోసి నూరడుగులు నడిచి తిరిగి రావాలి. నీరు తగ్గకుండా ఉంటే మంచి నేల. మయమతం లాంటి గ్రంథాలు స్థలాన్ని దున్నించి, విత్తనాలు చల్లించి, ఆవులను తిప్పమన్నాయి. నేలలోని ఎముకలు, పెంకులు, బొగ్గు ఏరి పారేయడాన్ని శల్యోద్ధారం అన్నారు. వీటిని చూపించి ఇప్పటి సాయిల్ మెకానిక్స్ అంతా మన పూర్వులకు తెలుసని పొంగిపోయేవాళ్ళున్నారు. ఇదంతా మూఢనమ్మకమని తోసేసేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరిలో ఎవరూ ఈ పరీక్షను రేగడి మీద చేసి చూసినట్టు లేదు. మొదటి పరీక్ష తవ్వకముందు నేల ఎంత గట్టిగా కూరుకుని ఉందో చెబుతుంది. వదులు నేల అయితే పూడ్చేటప్పుడు తొక్కినకొద్దీ మట్టి చాలదు, గట్టి నేల అయితే మిగులుతుంది. తర్కం బాగానే ఉంది. రెండోదానితోనే చిక్కు. వట్లూరు దక్షిణాన మే నెలలో రేగడి చేలో గొయ్యి తీసి నీళ్ళు పోస్తే నూరడుగులు నడిచేలోపు నెర్రెల్లోకి జారి మాయమవుతాయి. అదే చేలో భాద్రపదంలో పోస్తే ఉబ్బిన మట్టి సందులన్నీ మూసుకుపోయి నీరు కదలదు. ఒకే నేల వేసవిలో అధమం, వానాకాలంలో ఉత్తమం! ఏడాదిలో రెండు రకాలుగా ప్రవర్తించడమే ఈ నేల జబ్బు; ఆ జబ్బును ఒక్కరోజు పరీక్ష పట్టుకోలేదు. ఇంకో చోటి నేలకు సరిపోయే కొలత కొల్లేటికి సరిపోలేదంటే వరాహమిహిరుడి తప్పేం లేదు. ఆ కొలతను ఏడాదిలో రెండుసార్లు పెట్టి చూసుకుంటే మాత్రం కిరసనాయిలు పరీక్షకు దగ్గరగా వస్తుంది.

ముహూర్తాల సంగతీ ఇంతే. ఆషాఢం, భాద్రపదం శూన్యమాసాలు గనుక శంకుస్థాపన చేయరు, అవి వానల నెలలు గనుక పెద్దవాళ్ళు తెలిసే పెట్టారని ఒక వ్యాఖ్యానం వినబడుతుంది. వినడానికి ముచ్చటగా ఉంటుంది. కాని పుష్యం కూడా శూన్యమాసమే. పుష్యంలో మన దగ్గర వానలుండవు, తవ్వకానికి అంతకన్నా అనువైన నెల లేదు. శ్రావణం వానల్లో పడుతుంది, అయినా అది మంచి నెలే. కాబట్టి పంచాంగంలో భూగర్భశాస్త్రం వెతక్కూడదు. ఆచారంలో కొంత తెలివి దాగి ఉందని చెప్పాలంటే, ఆ తెలివి ఎక్కడ పని చేసిందో అక్కడే చూపాలి.

చూపగలిగిన చోటు అరుగు. ఏలూరు పాతపేటల్లో, చుట్టుపక్కల పల్లెల్లో మిగిలిన పెంకుటిళ్ళను చూస్తే వీధి గోడకు ముందు రెండు మూడడుగుల వెడల్పున ఎత్తైన అరుగు, దాని మీదికి బాగా వంగిన చూరు, చూరు నీళ్ళు పడేచోట పరిచిన రాళ్ళు లేదా చిన్న కాలువ ఉంటాయి. అరుగు కట్టింది కూర్చోడానికే, పేకాటకూ పురాణానికీ. అయితే దాని వల్ల ఇంకో పని కూడా జరిగింది. గోడ అడుగున ఉన్న మట్టికి నేరుగా వాన తగలదు, నేరుగా ఎండా తగలదు. అడుగుమట్టిలో తేమ ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. ఇప్పుడు రేగడి నేలల్లో ఇంటి చుట్టూ పరచమని ఇంజనీర్లు చెప్పే ఏప్రాన్ చేసే పని ఇదే. ఎర్రనేల ఊళ్ళలోనూ అరుగులున్నాయి కదా, రేగడి కోసం కట్టారనడం ఎలా అని అడగొచ్చు. రేగడి కోసం కట్టలేదు. కాని రేగడిలో అరుగు ఉన్న ఇల్లు ఎక్కువ కాలం నిలిచింది, నిలిచినదాన్ని చూసి పక్కవాడు అలాగే కట్టాడు. ఆచారం చాలాసార్లు అలాగే పుడుతుంది. గోడలోని గానుగ సున్నం కూడా దీనికి తోడైంది. ఎద్దులు తిప్పే రాతిచక్రం కింద ఇసుకా సున్నం రోజుల తరబడి నలిగి తయారైన ఆ అడుసు మెల్లగా గట్టిపడుతుంది, గోడ కాస్త కదిలినా వెంటనే పుటుక్కున విరగదు, సన్నని బీటల్ని వాననీటితో తానే కొంత పూడ్చుకుంటుంది. సిమెంటుకు ఆ ఓర్పు లేదు.

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటుంది. పాత ఇళ్ళు తేలికవి, మట్టిగోడ, తాటాకు, పెంకు. వాటికి పునాది గొడవే లేదు, ఇప్పటి కాంక్రీటు బరువుతో పోల్చడం అన్యాయం అంటారు. మెత్తటి ఒండ్రులో ఇది నిజం, అక్కడ బరువెక్కినకొద్దీ ఇల్లు దిగుతుంది. రేగడిలో మాత్రం లెక్క తలకిందులు. రేగడి ఉబ్బేటప్పుడు పైకి నెడుతుంది. ఆ నెట్టుడును అణచిపెట్టేది కట్టడం బరువే. నాలుగంతస్తుల మేడ కొంతవరకు అణచగలదు, ఒక అంతస్తు ఇల్లు అణచలేదు, ప్రహరీగోడ అసలే అణచలేదు. అందుకే రేగడి ఊళ్ళలో ముందు బీటిచ్చేది ప్రహరీ, తర్వాత మెట్లు, తర్వాత కిటికీ మూలల నుంచి ఏటవాలుగా గోడలు. తాటాకిల్లు తేలికే, కాని దానికి వంగడం తెలుసు. నేల ఒక వేలెడు లేస్తే అదీ లేస్తుంది, మళ్ళీ దిగుతుంది, అలికితే సరి. ఏలూరు చుట్టూ గత 40, 50 ఏళ్ళుగా మనం కట్టుకుంటున్న ఒక అంతస్తు కాంక్రీటు ఇల్లుంది చూడండి, నేల దాన్ని ఎత్తగలిగేంత తేలిక, ఎత్తితే విరిగేంత బిరుసు. రెండు కాలాల చెడుగుణాలూ దానికే దక్కాయి. కాబట్టి పాతవాళ్ళకు సమస్య లేదనడం కన్నా, వాళ్ళ ఇల్లు ఆ సమస్యతో సర్దుకునే తీరులో ఉండేదనడం న్యాయం.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ నేల నీటి లెక్కలే మారిపోయాయి. 1847లో మొదలై 1852కు ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, 1855కు బెజవాడ ఆనకట్ట. ఆర్థర్ కాటన్ ముందున్న చిక్కు అచ్చంగా పునాది చిక్కే: అడుగు ఎక్కడుందో తెలియని ఇసుకలో అంత పెద్ద గోడను నిలబెట్టడం ఎలా? గట్టి నేల దొరికేదాకా తవ్వాలన్న యూరపు పద్ధతి అక్కడ పనికిరాదు. కావేరి మీద కల్లణై కట్టిన పూర్వులు లోతు తెలియని ఇసుక మీద కట్టడం నేర్పారని, ఆ పాఠంతోనే తాము ఇక్కడ పని చేశామని కాటనే స్వయంగా రాశాడు. ఇటుకతో నూతులు కట్టి, లోపలి ఇసుక తోడుతూ వాటిని కిందికి దింపి, నింపి, వాటి మీద గోడ లేపడం మన మేస్త్రీలకు కొత్త కాదు; తాగునీటి నూతి దింపే పద్ధతే అది. నేలను మార్చకుండా, దాని గుణం ఒప్పుకుని కట్టిన పని. కాని ఆ ఆనకట్టలు పారించిన నీరు పల్లంలో ఇళ్ళ కింది నేలను మాత్రం మార్చేసింది. విజ్జేశ్వరం నుంచి తాడేపల్లిగూడెం మీదుగా, బెజవాడ నుంచి ఏలూరుకు కాలువలు సాగాయి. అంతకుముందు రేగడికి ఏడాదికి ఒక తడుపు, ఒక ఎండ. ఇప్పుడు కాలువ వదిలింది మొదలు కట్టేసేదాకా నెలల తరబడి పొలంలో నీరు నిలిచే ఉంటుంది. వేసవిలో కాలువ కట్టేశాక ఒక్కసారిగా ఎండిపోతుంది. తాత కట్టిన ఇంటి లోతునే మనవడు కట్టినా అది అదే నేల కాదు. తర్వాత 1970ల నుంచి కొల్లేటిలో చేపల చెరువులు పెరిగాయి. ఆపరేషన్ కొల్లేరు పేరుతో 2006లో సరస్సు లోపలి గట్లు పేల్చేసినా, అభయారణ్యం హద్దుకు బయట చెరువులు ఏడాది పొడవునా నీళ్ళతోనే ఉన్నాయి, పక్క పల్లెల్లో ఊట పైకొచ్చింది. తడి నేల ఉబ్బి తడిగానే ఉండిపోతే నిజానికి రేగడి ఇంటికి కొంత నయం. చెరువు ఎండగట్టిన ఏడే ప్రమాదం.

రైలు 1893–96 మధ్య వచ్చింది. బెజవాడ నుంచి కటకం దాకా తూర్పుకోస్తా రైలుమార్గం వేసినప్పుడు వట్లూరు, ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం వరసలో రైలుకట్ట పోశారు. కట్టకు రెండు పక్కలా కనిపించే పొడుగాటి గుంటలు ఆ మట్టి తీసినవే. ఇప్పుడు వాటిలో తుంగా గుర్రపుడెక్కా పెరుగుతుంటాయి. ఆ రోజుల్లో కట్టను గట్టిపరచడానికి మరలేమీ లేవు. గంపలకెత్తి పోయడం, కొంత దిమ్మిస కొట్టడం, ఆపైన ఒకటి రెండు వానాకాలాలు నాననిచ్చి, దిగిన మేరకు మళ్ళీ మట్టి పోసి, అప్పుడు కంకర పరవడం. దిగుడుకు ముందే లెక్క వేసి కట్టను ఎక్కువ ఎత్తు పోసేవాళ్ళు. అంటే కాలవ్యవధిని ఇంజనీరు తన లెక్కల్లోనే, ఇటుకా సున్నంలాగే ఒక సరుకుగా రాసుకున్నాడు. పల్లెలో ఇల్లు కట్టే రైతు చేసిందీ అదే. వేసవిలో బండ్లతో మట్టి తోలించి స్థలం మెరక చేసుకుని, ఆ ఏడు వానలకు వదిలేసి, పశువుల్ని కట్టేసి తొక్కనిచ్చి, మరుసటి ఏడు ముగ్గు పోయించేవాడు. చదువుకున్న దొర, చదువుకోని రైతు ఒకేలా చేశారంటే ఇద్దరినీ ఒకే నేల శాసించిందన్నమాట.

వానాకాలం ఆగడం చేతకానితనమేమో, మరలు లేక ఆగారేమో అనే అనుమానం సహజం. ఇసుకనేల కన్నా బంకమట్టి ఎందుకు ఆలస్యంగా దిగుతుందో 1925లో కార్ల్ టెర్జాగీ లెక్క కట్టి చూపాడు. బంకమట్టి మీద బరువు పెట్టగానే ముందు ఆ బరువును మోసేది మట్టి కాదు, మట్టి సందుల్లోని నీరు. ఆ నీరు మెల్లమెల్లగా పిండుకుని బయటికి పోతేనే రేణువులు దగ్గరై బరువు అందుకుంటాయి. బంకమట్టి సందులు ఎంత సన్నవంటే ఇది నెలలూ ఏళ్ళూ పడుతుంది. పొర మందం రెట్టింపైతే కాలం రెట్టింపు కాదు, నాలుగింతలు. కొల్లేరు ఒడ్డున పొర మందం పెరిగినకొద్దీ ఓపిక ఎంత పెరగాలో ఈ ఒక్క ముక్కలో ఉంది. దీనికి పెద్ద సాక్ష్యం ఇటలీలో ఉంది. పీసా గోపురం 1173లో మొదలైంది, మూడంతస్తులు లేచేసరికి మెత్తటి బంకమట్టిలో ఒరగడం మొదలెట్టింది. యుద్ధాల వల్ల పని ఆగిపోయి దాదాపు వందేళ్ళకు, 1272లో మళ్ళీ సాగింది. ఆ ఆగిన వందేళ్ళలో అడుగు మట్టి నీరు వదులుకుని గట్టిపడింది. ఏకబిగిన కట్టేసి ఉంటే గోపురం అప్పుడే కూలేదని భూమి ఇంజనీర్ల మాట. డబ్బు లేకో యుద్ధం వచ్చో ఆగడం కూడా నేలకు మేలే చేసిందన్నమాట.

ఇక సిమెంటు. పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నారు. మన దేశంలో 1904లో మద్రాసులో ప్రయత్నించి, 1914లో పోర్‌బందర్‌లో నిలదొక్కుకున్నారు. 1930ల్లో బెజవాడ పక్కనే సిమెంటు తయారైంది, తర్వాత పల్లెపల్లెకూ చేరింది. గానుగ సున్నం గట్టిపడే నెలలు సిమెంటుతో వారాలయ్యాయి. 28 రోజులకు బలం లెక్క తేల్చేస్తారు. గోడ తొందరగా లేస్తే అడుగు కూడా తొందరగా సిద్ధమవ్వాలనిపిస్తుంది, అది మనిషి స్వభావం. ఎండాకాలంలో టిప్పర్లతో మట్టి దింపి, అదే నెలలో జేసీబీతో చదును చేసి, తర్వాతి నెలలో ఫుటింగులు పోసి, దసరాకు గృహప్రవేశం. పాత క్రమంలో వానాకాలం పునాదికి ముందుండేది. కొత్త క్రమంలో అది పునాది తర్వాతికి జరిగింది. మట్టి నానడం మాత్రం ఆగలేదు, ఇప్పుడది గచ్చు కింద నానుతోంది.

గోదావరి ఇసుక అందుబాటులో ఉంది గనుక దానితో నింపేస్తే సరి అనే నమ్మకం గట్టిది. మెత్తటి ఒండ్రు మీద, నీళ్ళు పట్టి కూరిన ఇసుక బాగానే పనిచేస్తుంది. నల్లరేగడిలో మాత్రం ఇసుక గొయ్యి ఒక తొట్టిలాంటిది. చుట్టూ నీరు కారని బంకమట్టి, నడుమ నీరు నిలిచే ఇసుక. వానాకాలమంతా తొట్టి నిండి అడుగు రేగడిని తడుపుతూనే ఉంటుంది. ఇక్కడ మెట్ట అక్కరకొచ్చింది. బొంబాయి ఐఐటీలో ఆర్.కె. కట్టి 1970ల్లో చేసిన పరిశోధనల్లో, రేగడి మీద ఉబ్బని గుణమున్న జిగురుమట్టిని మీటరు మందం పరిచి గట్టిగా కూరితే కింది ఉబ్బు పైకి రాదని తేలింది; కర్ణాటకలో మలప్రభ కాలువ పనుల్లో దాన్ని వాడారు. ఆ మీటరు పొరకు సరిపడే మట్టి ఏదంటే, ద్వారకా తిరుమల దారిలో రోడ్డు పక్కన కనిపించే ఎర్ర గ్రావెల్ లాంటిదే. ఒకప్పుడు ఎద్దుబండ్ల మీద, తర్వాత ట్రాక్టర్ల మీద మెట్ట నుంచి పల్లానికి దిగిన ఎర్రమట్టి కట్టుబడి చరిత్రలో చెప్పుకోదగ్గ వ్యాపారం. దానిమీద ఎవరూ పుస్తకం రాయలేదు. అయితే ఎర్రమట్టి అయినంత మాత్రాన చాలదు. అడుగున్నర మందం ఒక్కసారిగా పోసి పైన రోలర్ తిప్పితే పైపొరే గట్టిపడుతుంది. లాస్ ఏంజెలెస్‌లో ఆనకట్టలు కట్టిన ఆర్.ఆర్. ప్రోక్టర్ 1933లో చూపిందేమిటంటే, ప్రతి మట్టికీ ఒక సరైన తడి ఉంటుంది. అంతకన్నా పొడిగా ఉన్నా, తడిగా ఉన్నా ఎంత కొట్టినా కూరుకోదు. పిడికిలిలో నొక్కితే ముద్దయి, కింద పడేస్తే పగిలే తడి అని మేస్త్రీలు చెప్పే గుర్తు దానికి చాలా దగ్గర. అర అడుగు మందం పొరలుగా, ఆ తడిలో, దిమ్మిస ఎగిరి పడేదాకా కొడితే వానాకాలం చేసే పనిలో చాలా భాగం వారంలో అవుతుంది. అంటే కాలాన్ని కొనుక్కోవచ్చు. ఊరికే రాదు, అంతే.

పైల్స్ వేస్తే ఈ గొడవంతా ఎందుకని ఇప్పుడు గట్టిగా వినబడే ఆక్షేపణ. 1947లో పుట్టిన రూర్కీ కేంద్ర కట్టడాల పరిశోధన సంస్థ 1950ల్లోనే నల్లరేగడి కోసం అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బిన అండర్‌రీమ్ పైల్ తయారుచేసింది. గడ్డ వెడల్పు కాడకు రెండున్నర రెట్లు దాకా ఉంటుంది. ఎండా వానా ప్రభావం తగలని మూడున్నర మీటర్ల లోతులో గడ్డ పట్టుకుంటే పైన నేల ఎంత ఉబ్బినా ఇల్లు కదలదు. ఇది మన దేశపు గొప్ప పనుల్లో ఒకటి. కాని ఇది నేలను లెక్కచేయనక్కర్లేదనడానికి రుజువు కాదు. ఋతువు ఎంత లోతు దాకా దిగుతుందో కొలిచి, ఆ లోతు దాటి వెళ్ళిన పద్ధతి. పైగా కొల్లేరు వైపు ఊట పైనే ఉంటుంది, గొయ్యి తీస్తే కూలిపోతుంది, గడ్డ నిలవదు. కూలకుండా బెంటోనైట్ అనే బంకమట్టి నీళ్ళు పోస్తారు. తమాషా ఏమంటే ఆ బెంటోనైట్ రేగడికి తోబుట్టువే, అదే ఉబ్బుడు గుణం. పైల్ మీద స్తంభాలు నిలుస్తాయి సరే, గచ్చు దేని మీద నిలుస్తుంది? కొత్తగా తోలిన మట్టి మీద. స్తంభాలు కదలని ఇంట్లో గచ్చు కుంగి గోడకూ గచ్చుకూ మధ్య వేలు దూరే సందు రావడం ఈ లెక్క తప్పడం వల్లే. ఇంకొంచెం లోతుకు పోతే, మెత్తటి ఒండ్రు మీద తాజాగా పోసిన మెరక దిగుతూ దిగుతూ పైల్ ఒళ్ళు పట్టుకుని కిందికి లాగుతుంది. ఇల్లు మోయడానికి వేసిన పైల్ మట్టిని కూడా మోయాల్సి వస్తుంది. వానాకాలం ఆగని బాకీని పైల్ ఇలా తీరుస్తుంది.

అద్దె కడుతూ, బ్యాంకు వడ్డీ కడుతూ ఒక ఏడు ఆగమనడం ఎవరికి సాధ్యం అన్నది మిగిలిన ఆక్షేపణ. ఇది న్యాయమైన మాటే, దీన్ని శాస్త్రంతో కొట్టిపారేయలేం. కాని చేతిలో ఉన్న వెసులుబాటు కూడా చాలామంది వాడుకోరు. స్థలం కొన్నవాళ్ళలో ఎక్కువమంది వెంటనే కట్టరు, రెండేళ్ళో అయిదేళ్ళో ఊరికే ఉంచుతారు. ఆ ఖాళీ కాలంలో మెరక తోలించి వదిలేస్తే పైసా అదనపు ఖర్చు లేకుండా వానలు పని చేసిపెడతాయి. కాని మట్టి తోలకం ఇల్లు మొదలెట్టే నెలలో చేయించడమే ఇప్పటి రివాజు, ముందు తోలిస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని భయం కూడా ఉంది.

అండర్‌రీమ్ పైళ్ళ మీద వేసే అడ్డు బీమును రేగడిలో నేలకు ఆనించకూడదని ప్రమాణం చెబుతుంది. బీము అడుక్కీ నేలకీ మధ్య కనీసం 80 మిల్లీమీటర్లు, అంటే నాలుగు వేళ్ళ ఖాళీ వదలాలి, ఉబ్బినప్పుడు మట్టి లేవడానికి. పోసేటప్పుడు ఆ ఖాళీని పెట్టెతో ఆపి తర్వాత తీసేయాలి. డ్రాయింగులో అది రెండు సన్న గీతల మధ్య తెల్లటి చోటు, అంతే. సైటులో మాత్రం చూసేవాళ్ళకు పని సగంలో వదిలేసినట్టుంటుంది. పాములు దూరతాయని, ఎలుకలు చేరతాయని యజమాని అంటాడు. మేస్త్రి రెండు గంపల మట్టి కలిపి నున్నగా కూరి, పైన సిమెంటు పాలు పూస్తాడు.